కె. మునిరత్నంలో ‘కె’ ఎవరు?

తిరుపతిలో ఏ ఆఫీసులోనైనా ‘కె. మునిరత్నం’ అని పిలిస్తే ఒకరికి ఇద్దరు తలెత్తి చూస్తారు. ముగ్గురు లేచి వచ్చారనుకుందాం. మొదటాయనది పలమనేరు పక్క పల్లె. ఆయన పేరు ముందున్న ‘కె’ ఇంటిపేరు, కొండూరు. రెండో ఆయనది నగరి. ఆయన ‘కె’ వాళ్ళ నాయన పేరు, కన్నయ్య. మూడో ఆయన పుట్టి పెరిగిందంతా తిరుపతిలోనే గానీ, తాతల కాలంలో కార్వేటినగరం నుంచి వచ్చిన కుటుంబం. ఆ ఊరి పేరే ఆయనకు ‘కె’గా మిగిలింది. అక్షరం ఒకటే అయినా ఒకాయనకు అది వంశం, ఒకాయనకు తండ్రి, ఇంకొకాయనకు ఊరు. ఎవరి పేరులోనూ తప్పు లేదు.

గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఈ చిక్కు పెద్దగా రాదు. అక్కడ పేరు ముందు పొడి అక్షరం ఉందంటే అది ఇంటిపేరే అనుకోవచ్చు. మద్రాసులోనూ రాదు, అక్కడది తండ్రి పేరు. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో మాత్రం రెండు పద్ధతులూ ఒకే వీధిలో, ఒక్కోసారి ఒకే ఇంట్లో కనిపిస్తాయి. మేనమామకు ఇంటిపేరు ఉంటుంది, మేనల్లుడికి వాళ్ళ నాయన ఇనిషియల్ ఉంటుంది. బయటి ఊళ్ళ నుంచి వచ్చిన ఉద్యోగులు దీన్ని చూసి ‘ఇక్కడి రికార్డులన్నీ తప్పుల తడక’ అనేస్తారు. ఈ ప్రాంతం ఎలా ఏర్పడిందో తెలిస్తే ఆ మాట అనరు.

చిత్తూరు జిల్లా పుట్టింది 1911 ఏప్రిల్ 1న. అంతకుముందు ఈ నేలలో చాలా భాగం ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. మదనపల్లె, వాయల్పాడు వైపు కడప జిల్లా. మొత్తానికి రాజధాని మద్రాసే. పై చదువులకు మద్రాసు, కోర్టు పనికి మద్రాసు, కొలువుకు మద్రాసు. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చాక కూడా ఇక్కడ సరిహద్దు వెంటనే తేలలేదు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా, పళ్ళిపట్టు ఇటు నుంచి అటు పోయాయి. సత్యవేడు వైపు ఊళ్ళు అటు నుంచి ఇటు వచ్చాయి. మ్యాపులో గీత జరిగింది గానీ పెళ్ళి సంబంధాలు, కులదైవాలు, మొక్కుబడులు ఎక్కడివక్కడే ఉన్నాయి. నగరి, పుత్తూరు, సత్యవేడు, కుప్పం చుట్టుపక్కల ఇళ్ళల్లో ఈ రోజుకీ తెలుగూ అరవమూ కలిసే వినిపిస్తాయి.

ఆ రోజుల్లో బళ్ళో చేర్చేటప్పుడు అయ్యవారు ‘మీ నాయన పేరేంది?’ అని అడిగి, దాని మొదటి అక్షరం పిల్లాడి పేరు ముందు రాసేవారు. మద్రాసు పద్ధతి అదే కాబట్టి ఎవరికీ వింతగా అనిపించలేదు. ఇంటిపేరు లేక కాదు. ఇంట్లో పెద్దవాళ్ళను అడిగితే టక్కున చెప్తారు. సంబంధం చూసేటప్పుడు ముందు అడిగేది దాన్నే. ఒకే కులంలో ఇంటిపేరు ఒకటైతే అన్నాచెల్లెళ్ళ వరస కిందికి వస్తుంది, పెళ్ళి కుదరదు. కాగితంలోకి మాత్రం అది ఎక్కలేదు. దాంతో తాత సి. కన్నయ్య, కొడుకు కె. మునిరత్నం, మనవడు ఎం. బాలాజీ. మూడు తరాలు, మూడు అక్షరాలు. ఇంటిపేరు పద్ధతిలో పెరిగినవాళ్ళు ఈ మూడు పేర్లూ చూస్తే మూడు వేర్వేరు కుటుంబాలనుకుంటారు. పాత ఆస్తి కాగితాలు పట్టుకుని వారసత్వం నిరూపించుకోవాల్సి వచ్చినప్పుడు ఈ తేడా ఎంత టెన్షన్ పెడుతుందో పడినవాళ్ళకే తెలుసు.

పెద్దవాళ్ళ పేర్లలోనూ ఇదే కథ. సి.ఆర్. రెడ్డి గారినే తీసుకోండి. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 1926లో తొలి వైస్ ఛాన్సలర్. ఆయన పేరులో ‘సి’ అంటే చిత్తూరు అనుకునేవాళ్ళను చాలామందిని చూశాను. అది కట్టమంచి. చిత్తూరును ఆనుకుని ఉన్న కట్టమంచి ఊరే ఆయన ఇంటిపేరు, పూర్తి పేరు కట్టమంచి రామలింగారెడ్డి. ఇంగ్లీషులో ఆ ఊరిని ‘సి’ అక్షరంతో మొదలుపెట్టి రాసే అలవాటు అప్పట్లో ఉండేది కాబట్టి కె.ఆర్. కావాల్సిన ఆయన సి.ఆర్. అయ్యారు. ఇంగ్లీషు స్పెల్లింగు ఏదైతే పొడి అక్షరం అదే అవుతుంది. చిత్తూరు నాగయ్య గారి సంగతీ అంతే. ఆయన ఇంటిపేరు ఉప్పలదడియం, పుట్టింది 1904లో ఇప్పటి బాపట్ల జిల్లా రేపల్లెలో. మనం ‘ఉప్పు’ను ‘వుప్పు’ అన్నట్టే పలుకుతాం కదా, అలా ఇంగ్లీషులో ఆయన వి. నాగయ్య అయ్యారు. చిత్తూరులో నాటకాలాడి పేరు తెచ్చుకున్నారు కాబట్టి జనం నోట్లో చిత్తూరు నాగయ్యగా నిలిచిపోయారు. పుట్టిన ఊరు కాదు, ఇంటిపేరూ కాదు, అయినా ఆ ఊరు ఆయన పేరులో భాగమైపోయింది. కర్ణాటక సంగీత విద్వాంసులు చిత్తూరు సుబ్రమణ్య పిళ్ళై పేరులోనూ చిత్తూరు అలాగే ఉంది. సంగీతంవాళ్ళకు ఊరి పేరు ముందు పెట్టుకోవడం దక్షిణాదిలో పాత అలవాటు.

తిరుపతిలో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి కంచు విగ్రహం ముందు నుంచి రోజూ వేలమంది పోతుంటారు. ఆ రెండక్షరాల్లో ‘ఎం’ అంటే మదురై, ఆమె ఊరు. ‘ఎస్’ అంటే షణ్ముఖవడివు, ఆమె తల్లి. వీణ వాయించే విదుషీమణి. పొడి అక్షరం తండ్రిదే కావాలని ఏ శాస్త్రంలోనూ లేదు, తల్లిది కూడా కావచ్చని ఆ పేరు చెప్తోంది. అమ్మ ఒక్కతే పెంచిన పిల్లలు బళ్ళో ఇనిషియల్ దగ్గర ఇబ్బంది పడుతుంటే నాకు ఈ పేరే గుర్తుకొస్తుంది.

ఇంకో పేరు జిడ్డు కృష్ణమూర్తి. 1895లో మదనపల్లెలో పుట్టారు. ఆ ఇంట్లో ఎనిమిదో సంతానం. దేవకికి ఎనిమిదో బిడ్డ కృష్ణుడు కాబట్టి కృష్ణమూర్తి అన్నారు. జిడ్డు ఇంటిపేరు. మన లెక్కన ఇంటిపేరు ముందు, పిలిచే పేరు తర్వాత. పడమటి దేశాల్లో దీనికి తలకిందులు కాబట్టి వాళ్ళ పుస్తకాల సూచికల్లో కృష్ణమూర్తి ఇంటిపేరు అయింది, జిడ్డు పిలిచే పేరు అయింది. ఇప్పుడు అమెరికాలో ఉన్న మన పిల్లలు ఎదుర్కొంటున్న గందరగోళం ఆయన పేరుకు వందేళ్ళ కిందటే ఎదురైంది.

ఇంటిపేర్లలో ఊళ్ళవే ఎక్కువ. ఆ ఊళ్ళు ఇప్పుడు ఉంటున్న ఊళ్ళు కాకపోవడమే వాటి విలువ. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888లో తిరుత్తణిలో పుట్టారు, తిరుపతి మిషన్ స్కూల్లో చదివారు. సర్వేపల్లి మాత్రం నెల్లూరు జిల్లా ఊరు. ఎన్ని తరాల కిందట ఆ కుటుంబం అక్కడి నుంచి కదిలినా ఇంటిపేరు ఆ ఊరిని వదల్లేదు. తాళ్ళపాక, తరిగొండ కూడా ఇలాంటివే. అన్నమయ్య (1408–1503) జీవితమంతా స్వామికి అర్పించినా తాళ్ళపాక అన్నమయ్యే. వెంగమాంబ (1730–1817) తిరుమల చేరి అక్కడే కాలం గడిపినా తరిగొండ వెంగమాంబే.

ఇక్కడొక తమాషా ఉంది. ఊరు ఇంటిపేరు అవడం అందరికీ తెలిసిందే. ఇంటిపేరు ఊరవడం రాయలసీమలో అంతే మామూలు. చంద్రగిరి మండలంలో నారావారిపల్లె ఉంది. నారావారు కట్టుకున్న పల్లె కాబట్టి ఆ పేరు. ఎన్. చంద్రబాబునాయుడు పేరులోని ‘ఎన్’ ఆ నారానే. కాబట్టి ఒక ఇంటిపేరూ ఒక ఊరిపేరూ ఒకటే అయినప్పుడు ఏది ముందో చెప్పాలంటే ‘వారి’ అనే మాట కోసం చూడాలి. ‘వారిపల్లె’ అని ఉంటే మనుషులు ముందు, ఊరు తర్వాత. ఇంకో రకం, ‘గారి’ ఇంటిపేర్లు. పడమటి మండలాల్లో వెంకటప్పగారి, చిన్నప్పగారి, రెడ్డెప్పగారి లాంటివి కోకొల్లలు. ఏదో తరంలో ఊళ్ళో పేరున్న ఒక పెద్దాయన; ఆయన సంతతంతా ‘ఫలానా గారి’ వాళ్ళు. చూడబోతే ఇది తండ్రి పేరు పద్ధతికీ ఇంటిపేరు పద్ధతికీ మధ్య ఉన్న వంతెన. తండ్రి పేరే, కాకపోతే ప్రతి తరంలో మారకుండా ఒక తండ్రి దగ్గర ఆగిపోయింది.

రెడ్డి, నాయుడు, పిళ్ళై, మొదలియార్, అయ్యంగార్, ఆచారి, ఇవేవీ ఇంటిపేర్లు కావు. పేరు చివర చేరే బిరుదులు, కులాన్ని తెలిపే గుర్తులు. తిరుచానూరులో పుట్టి లోక్‌సభ స్పీకరైన అనంతశయనం అయ్యంగార్ ఇంటిపేరు మాడభూషి. ఫారంలో ‘చివరి పేరు’ అని అడిగితే చాలామంది రెడ్డి అనో నాయుడు అనో రాసేస్తారు. అసలు ఇంటిపేరు అక్కడితో మాయం. పైగా ఈ బిరుదును బట్టి కులం చెప్పేద్దామనుకుంటే చిత్తూరులో బోల్తా పడతారు. ఇక్కడ నాయుడు అని రాసుకునేవాళ్ళలో కమ్మవారూ ఉన్నారు, బలిజలూ ఉన్నారు. అసలు ఆ మాట ‘నాయకుడు’ అనే పాత హోదా నుంచి వచ్చింది. ముస్లింల పేర్లలో ముందుండే షేక్, సయ్యద్, పఠాన్ కూడా ఇలాంటివే. ఫారాల్లో అవి ఇంటిపేరు గడిలోకి వెళ్ళి కూర్చున్నాయి.

ఇక పిలిచే పేర్లు. ఈ విషయంలో ఈ రెండు జిల్లాలు ఒక గని. తెలుగునాట ఎక్కడా లేనంత దట్టంగా ఇక్కడ వినిపించే పేరు ‘ముని’. మునెప్ప, మునెమ్మ, మునస్వామి, మునిరత్నం, మునికృష్ణ, మునిలక్ష్మి, మునిశేఖర్. చదువుకున్నవాళ్ళు ముని అంటే ఋషి కదా అనుకుంటారు. పల్లెలో అడిగితే మునీశ్వరుడని చెప్తారు. ఊరి బయట చెరువు కట్ట మీదో పొలం గట్టునో, వేపచెట్టు కిందో ఉండే కావలి దేవర. బిడ్డలు నిలవకపోతే ఆయనకు మొక్కుకుంటారు, పుట్టిన బిడ్డకు ఆయన పేరు కలిపి పెడతారు. తమిళనాట మునియప్పన్, మునియాండి అనే పేర్లకూ మూలం ఆయనే. మునికృష్ణ అనే పేరులో మొదటి సగం ఊరి దేవర, రెండో సగం పురాణ దేవుడు. మొక్కు తీర్చుకుంటూనే బళ్ళో నప్పేలా పెట్టుకున్న పేరది.

మా అవ్వ పేరు చెంగమ్మ. ఆమె ఆధార్‌లో చెంగమ్మ అని ఉండేది, పాత రేషన్ కార్డులో సెంగమ్మ అని ఉండేది. తమిళంలో ఒకే అక్షరాన్ని ‘చ’ అని, ‘స’ అని రెండు రకాలుగా పలుకుతారు. రాసుకున్నవాళ్ళు అరవం వచ్చినవాళ్ళయితే సెంగమ్మ, తెలుగువాళ్ళయితే చెంగమ్మ. ఆ ఒక్క అక్షరం కోసం ఆమె పింఛను కాగితాలు పట్టుకుని తిరిగిన తిరుగుడు నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. ఆ పేరు ఎక్కణ్ణుంచి వచ్చింది? తిరుత్తణి సుబ్రమణ్యస్వామిని చెంగల్వరాయుడు అంటారు, చెంగల్వ పువ్వు పేరు మీద. చెం అంటే ఎరుపు, చెంగల్వ అంటే ఎర్ర కలువ. చెంగల్రాయుడు, చెంగయ్య, చెంగారెడ్డి అనే పేర్లకు ఆ కొండే ఆధారం. అటు సూళ్ళూరుపేటలో చెంగాళమ్మ ఉంది, ఆ చుట్టుపక్కల ఊళ్ళకు ఆమె ఇలవేల్పు. కాబట్టి ఏ చెంగమ్మ తిరుత్తణి కొండ చెంగమ్మో, ఏ చెంగమ్మ సూళ్ళూరుపేట చెంగమ్మో పేరు చూసి చెప్పలేం. ఆ ఇంట్లోవాళ్ళు తలనీలాలు ఎక్కడ ఇస్తారో అడగాలి. మావాళ్ళవి తిరుత్తణిలో.

అలాగే రెడ్డెప్ప, రెడ్డెమ్మ. బయటివాళ్ళు వినగానే రెడ్లనుకుంటారు. గుర్రంకొండ దగ్గర రెడ్డెమ్మ కొండ ఉంది. పిల్లల కోసం ఆ తల్లికి మొక్కుకోవడం పీలేరు, మదనపల్లె, వాయల్పాడు వైపు ఆనవాయితీ. అన్ని కులాలవాళ్ళూ పోతారు, అన్ని కులాల్లోనూ రెడ్డెప్పలు ఉంటారు. 2019 నుంచి 2024 దాకా చిత్తూరు ఎంపీగా ఉన్నది ఎన్. రెడ్డెప్ప గారు, చిత్తూరు ఎస్సీలకు రిజర్వయిన నియోజకవర్గం. పేరు చూసి కులం లెక్కేసేవాళ్ళకు ఇంతకంటే మంచి జవాబు లేదు. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ పేరు మీద గంగమ్మలు, గంగులప్పలు, గంగాధరాలు. శ్రీకాళహస్తి పేరు మీద కాళహస్తయ్యలు, జ్ఞానప్రసూనాంబలు. కంచి దగ్గరే కాబట్టి ఏకాంబరం, వరదయ్య, వరదరాజులు, కామాక్షి. తిరువణ్ణామలై నుంచి అరుణాచలం. ఏకాంబరం, ఆర్ముగం, మునిరత్నం, దామోదరం అని మగవాళ్ళ పేరు సున్నాతో ముగియడం కూడా ఈ సరిహద్దు ముద్రే.

దర్గాల పేర్లు మరిచిపోకూడదు. నెల్లూరు జిల్లా కసుమూరులో మస్తాన్ వలీ దర్గా ఉంది. మస్తానయ్య, మస్తానమ్మ అనే పేర్లు హిందువుల ఇళ్ళల్లో ఎన్ని ఉన్నాయో ఈ చుట్టుపక్కల ఎవరికైనా తెలుసు. దస్తగిరి అన్న పేరూ అంతే. బాగ్దాదులో ఉన్న సూఫీ గురువు అబ్దుల్ ఖాదర్ జీలానీ బిరుదది, రాయలసీమలో రెడ్ల ఇళ్ళల్లోకీ వచ్చింది. బిడ్డ బతకాలని ఏ తల్లయినా మొక్కేటప్పుడు మతం అడగలేదు.

బిడ్డ బతకాలన్న ఆరాటమే కుప్పయ్య, కుప్పమ్మ, కుప్పుస్వామి పేర్ల వెనకా ఉంది. వరసగా పిల్లలు పోయిన ఇంట్లో, పుట్టిన బిడ్డను చెత్తకుప్ప మీద ఒక్క క్షణం పడుకోబెట్టి తీసి, కుప్ప పేరు పెట్టేవారు. పనికిరానిదనుకుని మృత్యువు వదిలేస్తుందని ఆశ. పిచ్చయ్య, పిచ్చమ్మ కూడా ఇంతే. ‘పిచ్చ’ అంటే భిక్ష, దేవుడు పెట్టిన భిక్ష. మతిస్థిమితంతో ఆ మాటకు సంబంధమే లేదు. ఈ పేర్లున్న పిల్లలు బళ్ళో ఎంత ఎగతాళి పడ్డారో, ఎంతమంది పేరు మార్చుకున్నారో నాకు తెలుసు. ఆ పేరు పెట్టిన తల్లి ఎన్ని గర్భశోకాలు చూసిందో తెలిస్తే ఎవరికీ నవ్వు రాదు.

ఏడుకొండలవాడి గురించి వేరే చెప్పాలా? వెంకటేశ్వర్లు, వెంకటరమణ, శేషాద్రి, శేషాచలం, శ్రీనివాసులు, గోవిందయ్య, గోవిందమ్మ, అచ్చంగా ‘ఏడుకొండలు’ కూడా మనిషి పేరే. వెంకట అంటే పాపాల్ని కాల్చేసేదని పురాణ వ్యుత్పత్తి. పాత తమిళ సంగం కవిత్వంలో ఈ కొండ వేంగడం, తమిళ దేశానికి ఉత్తరపు హద్దు. ఆ వేంగడమే వెంగయ్య, వెంగమ్మ, వెంగమాంబ, తిరువేంగళం పేర్లలో నిలిచి ఉంది. అంటే వెంకమ్మ, వెంగమ్మ ఒకే కొండకు రెండు భాషల దారుల్లో చేరినవాళ్ళు. మూడో దారి కన్నడానిది. కన్నడిగులు స్వామిని తిరుపతి తిమ్మప్ప అంటారు. తిరుమల వాడుకలో తిమ్మ అయిందన్నది చాలామంది చెప్పే మాట. తాళ్ళపాక ఇల్లే దీనికి మంచి ఉదాహరణ: అన్నమయ్య భార్య తిమ్మక్క, కొడుకు పెదతిరుమలయ్య, మనవళ్ళలో ఒకరు చినతిరుమలయ్య, ఇంకొకరు చినతిరువేంగళనాథుడు. ఒకే ఇంట్లో ఒకే దేవుడి పేరు ఇన్ని రూపాల్లో తిరుగుతుంటే ‘పెద’, ‘చిన’ చేర్చకపోతే ఎవర్ని పిలుస్తున్నారో తెలియదు. ఇప్పటికీ మన ఇళ్ళల్లో పెద్దెంకటేశు, చిన్నెంకటేశు ఉండేది అందుకే. అమ్మవారి పేర్లూ అంతే. పద్మావతి సంస్కృతం, అలమేలుమంగ తమిళం. అలర్ మేల్ మంగై, పువ్వు మీద ఉన్న అమ్మ. మన నోట్లో అలివేలు, మంగమ్మ, మంగతాయారు.

బాలాజీ ఉత్తరాది పేరు. 1843 నుంచి 1933 దాకా తిరుమల ఆలయ పాలన ఉత్తరాది మూలాలున్న హాథీరాంజీ మఠం మహంతుల (మఠాధిపతుల) చేతిలో ఉంది. ఉత్తరాది భక్తుల నోట ఆ పేరు స్థిరపడింది. పాత తరంలో అరుదు. ఇప్పుడు తిరుపతిలో వీధికో బాలాజీ. 2022లో జిల్లాలు విడగొట్టేటప్పుడు మొదట శ్రీబాలాజీ జిల్లా అనే ప్రతిపాదించారు, చివరికి తిరుపతి జిల్లా అని ఖరారు చేశారు. మరి తిరుపతి అనే పేరు? నాకు తెలిసిన తిరుపతయ్యలు, తిరుపతిరావులు అందరూ కోస్తావాళ్ళో తెలంగాణవాళ్ళో. కొండ కింద పుట్టినవాళ్ళకు ఊరి పేరు బిడ్డకు పెట్టాలని తోచదేమో. దూరం నుంచి వచ్చి మొక్కుకున్నవాళ్ళకు ఊరే దేవుడు.

తాత పేరు మనవడికి పెట్టడం మనకు మామూలే. అందులో ఒక చిక్కు ఉండేది. కోడలు మామ పేరు నోటితో అనకూడదు, భార్య భర్త పేరు అనకూడదు. మామ పేరు బిడ్డకు పెట్టుకుని ఆ బిడ్డను పిలవడమెలా? అందుకే పిల్లాడికి ఇంట్లో నాయనా అనో పెద్దోడా అనో ఇంకో పేరు. బళ్ళో ఒకటి, ఇంట్లో ఒకటి. ఎంతోమందికి ఊళ్ళో అసలు పేరు చెప్తే ఎవరూ గుర్తుపట్టరు.

పేరు చివర ఏం తగిలిస్తారన్నది ఇంకా బాధ పెట్టే విషయం. అయ్య, అప్ప, అమ్మ, అన్న అనేవి గౌరవం. అదే పేరు దళితుడిదైతే ఊరి పెద్దకులాల నోట ‘గాడు’ అయ్యేది. మునస్వామి అని తల్లి పెట్టుకుంటే, అరవై ఏళ్ళు వచ్చినా చిన్నపిల్లల చేత కూడా మునిగాడే. ఆడమనిషి పేరులోంచి అమ్మ ఊడిపోయేది. ఇది ఏ పల్లెలోనూ దాచాల్సినంత రహస్యం కాదు, పాత తరం అంతా విన్నదే. తర్వాతి తరం తమ పిల్లలకు ఎవరూ కుదించి పిలవలేని పేర్లు ఏరి పెట్టుకోవడం వెనక ఆ అవమానం ఉందని నా నమ్మకం. ‘పాత పేర్లు పోతున్నాయే’ అని బాధపడే ముందు, ఆ పేరుతో ఎవర్ని ఎలా పిలిచారో కూడా గుర్తుంచుకోవాలి.

ఈ వైవిధ్యమంతా ఇప్పుడు రెండు గడుల్లో ఇమడాలి. పాస్‌పోర్టు ఫారంలో ఇంటిపేరుకు ఒక గడి, పిలిచే పేరుకు ఒక గడి. పొడి అక్షరాలు కుదరవు, విప్పి రాయాలి. తిరుపతి పాస్‌పోర్టు సేవా కేంద్రానికి పోయే ముందు చాలా ఇళ్ళల్లో మొదటిసారి ‘మన కె అంటే ఏంది?’ అనే ప్రశ్న వస్తుంది. కొందరు తండ్రి పేరును ఇంటిపేరుగా రాస్తారు. కొందరు రెడ్డి, నాయుడు అని రాస్తారు. ఇంకొందరు ఒక గడి ఖాళీగా వదిలేసి పేరంతా ఒక్కచోటే రాస్తారు. ఆ చివరిదానితో చిక్కులున్నాయి. పిలిచే పేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసా మీద పేరు ఉండాల్సిన చోట ‘పేరు తెలియదు’ అని అర్థమొచ్చే మూడక్షరాలు పడతాయి. 2022 నవంబరులో యూఏఈ, పాస్‌పోర్టులో ఒకే పేరున్నవాళ్ళను విజిట్ వీసా మీద రానివ్వమని చెప్పింది. తర్వాత రెండో పేజీలో తండ్రి పేరో కుటుంబం పేరో ఉంటే సరేనంది. పీలేరు, రాయచోటి వైపు నుంచి గల్ఫ్‌కు పోయేవాళ్ళు ఎందరో, వాళ్ళకు ఇది చిన్న విషయం కాదు.

ఆడవాళ్ళకు ఈ చిక్కు రెండింతలు. పదో తరగతి సర్టిఫికెట్‌లో నాయన అక్షరం, పెళ్ళయ్యాక ఆధార్‌లో మొగుడి ఇంటిపేరు, బ్యాంకులో ఇంకోటి. పెళ్ళయ్యాక ఇంటిపేరు మార్చుకోవాలని చట్టంలో ఎక్కడా లేదు. మార్చుకోవాలనుకుంటే అన్ని కాగితాల్లోనూ మార్చుకోండి, లేదంటే పుట్టింటిదే అంతటా ఉంచుకోండి. సగం ఇటు సగం అటు ఉంటేనే కష్టం.

తండ్రి పేరు పద్ధతి వాళ్ళకు నేను చెప్పేది ఒకటే: ఫారం అడిగిందని లేని ఇంటిపేరు పుట్టించకండి. తండ్రి పేరు పూర్తిగా రాయండి, ఆ పద్ధతికి అదే న్యాయమైన జవాబు. ఇంటిపేరు ఉండి కాగితంలో లేనివాళ్ళు, అవ్వాతాతలు ఉన్నప్పుడే అడిగి, అది ఏ ఊరో, ఎవరి ‘గారి’వో రాసి పెట్టుకోండి. బిడ్డ పుట్టిన దగ్గరే ఈ పని మొదలవ్వాలి. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్ళకు బడిలో చేరడానికైనా, ఓటరు జాబితాకైనా, డ్రైవింగ్ లైసెన్సుకైనా పుట్టిన తేదీకి, పుట్టిన ఊరికి జనన ధ్రువీకరణ పత్రమే ఆధారం. బారసాల ఆలస్యమై పేరు లేకుండానే నమోదైతే ఏడాదిలోపు ఫీజు లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. ఆ తర్వాత కొంత ఫీజుతో, నమోదైన పదిహేనేళ్ళ దాకా అవకాశం ఉంది. అక్కడ ‘కె’ అని ఒక్క అక్షరం రాయించకండి. కన్నయ్యో, కొండూరో, కార్వేటినగరమో, ఉన్నది ఉన్నట్టు పూర్తిగా రాయించండి.